నలభై దాటిన వేళ్లకు గిటార్ పాఠం

శనివారం ఉదయం ఏడు గంటలకు మా క్లాసు. మాస్టారుకు ఇరవై ఆరేళ్లు, నాకు నలభై మూడు. ఆయన నన్ను మేడమ్ అంటారు, నేను ఆయన్ను మాస్టారూ అంటాను. "సి మేజర్ పట్టుకోండి మేడమ్. ఇప్పుడు ఒక్కో తీగా విడిగా మీటండి" అంటారు. అయిదో తీగ మోగుతుంది. నాలుగు, మూడు, రెండు కూడా ఎలాగో మోగుతాయి. మొదటి తీగ మాత్రం చెక్క మీద గోరుతో కొట్టినట్టు టప్పుమని ఊరుకుంటుంది. మూడు నెలల తర్వాత కూడా అది అలాగే ఊరుకున్న రోజున, "ఈ వయసులో వేళ్లు వంగవు మాస్టారూ, మానేద్దామనుకుంటున్నాను" అని చెప్పేశాను.

ఆయన వయసు మాట ఎత్తలేదు. "ఇంట్లో ఎంతసేపు సాధన చేస్తున్నారు?" అని అడిగారు. ఆదివారం రెండు గంటలు అన్నాను. మిగతా రోజులు? ఆఫీసు, వంట, పిల్లల చదువులు, తీరిక ఎక్కడిది? "ఆ రెండు గంటలనే ఎనిమిది ముక్కలు చేయండి. రోజుకి పావుగంట. ఆదివారం కావాలంటే ఇంకో పావుగంట. నెల తర్వాత కూడా ఇలాగే ఉంటే అప్పుడు మానేయండి" అన్నారు.

ఆ మాట ఆయన అనుభవంతో చెప్పినదా, లేక వెనక ఏదైనా పరిశోధన ఉందా అన్న అనుమానంతో మొదలైంది ఈ వ్యాసం. ఉద్యోగం చేసుకుంటూ, ఇంటికి వచ్చే గురువు దగ్గరో గురువు ఇంటికి వెళ్లో గిటార్ మొదలుపెట్టే పెద్దవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలో చాలామందే కనిపిస్తున్నారు. కొన్ని నెలలకే అలమార మీదకు చేరే గిటార్లు కూడా తక్కువేమీ కాదు. ఆ గిటార్లు అక్కడికి చేరడానికి వయసు ఎంతవరకు కారణం?

తప్పు వేలిదా, తీగదా?

ముందు మెదడు సంగతి కాదు, చర్మం సంగతి. ఉక్కు తీగల గిటార్‌ను శ్రుతి చేసినప్పుడు ఒక్కో తీగలో ఉండే బిగుతు సుమారు పది పన్నెండు కిలోల బరువు వేలాడదీసినంత. ఆరు తీగలూ కలిపితే ఒక మనిషి బరువంత, 70 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. అంత బిగుతుగా ఉన్న సన్నని తీగను వేలి కొనతో నొక్కి పట్టాలి. తీగ ఎంత సన్నమైతే చర్మం మీద ఒత్తిడి అంత ఎక్కువ. కత్తిపీట అంచు పదునైతే కూర సులువుగా తెగడానికి కారణం కూడా అదే. నైలాన్ తీగల గిటార్లలో బిగుతు దాదాపు సగమే, తీగ కూడా లావు. అందుకే కొత్తవాళ్ల వేళ్లకు అది కొంత దయగా ఉంటుంది.

పదే పదే ఒత్తిడి పడే చోట చర్మం పై పొరలో కెరాటిన్ అనే మాంసకృత్తు పేరుకుని ఆ పొర మందమవుతుంది. చెప్పులు లేకుండా నడిచేవారి అరికాళ్లు గట్టిపడటం, పలుగూ పారా పట్టే చేతులు కాయలు కాయడం ఇలాంటివే. రోజూ కొద్దిసేపు వాయిస్తే కొన్ని వారాల్లో నొప్పి తగ్గుతుంది. వారానికి ఒక్కరోజు రెండు గంటలు వాయిస్తే? చర్మం కమిలిపోతుంది, మిగతా ఆరు రోజుల్లో మానిపోతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. నాకు జరిగింది ఇదే. కాయలు కాయడం మొదలయ్యాక ఆఫీసులో హాజరు యంత్రం నా ఎడమ చూపుడు వేలిని గుర్తుపట్టడం మానేసింది. ఇప్పుడు కుడి వేలు పెడుతున్నాను.

వీణలో మెట్లు అంటామే, గిటార్‌లో వాటిని ఫ్రెట్లు అంటారు. వీణకు మేళం కట్టేవారు చెవితో వింటూ మెట్లను మైనంలో నిలబెడతారు. గిటార్‌కు అవి లెక్క ప్రకారం చెక్కలో దిగిపోయి ఉంటాయి. ఒక్కో ఫ్రెట్ దాటినకొద్దీ మోగే తీగ పొడవు ఒకే నిష్పత్తిలో, అంటే 1.0595తో భాగించినట్టు తగ్గుతుంది. పన్నెండు సార్లు అలా తగ్గితే పొడవు సరిగ్గా సగమై, అదే స్వరం పై స్థాయిలో వినిపిస్తుంది. తీగ పొడవు 65 సెంటీమీటర్లు అనుకుంటే మొదటి ఫ్రెట్ సుమారు 3.6 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పదకొండో ఫ్రెట్‌కూ పన్నెండో దానికీ మధ్య రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు.

ఇందులో కొత్తవాళ్లకు ఒక అన్యాయం ఉంది. కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించడాన్ని కార్డ్ అంటారు. పాఠం మొదట్లో నేర్పే కార్డ్‌లన్నీ మొదటి మూడు ఫ్రెట్లలోనే ఉంటాయి. అంటే ఫ్రెట్ల మధ్య దూరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేచోట. పైగా తీగలను మోసే నట్ అనే పట్టీ అక్కడికి దగ్గర. దాని గాళ్లు లోతుగా లేకపోతే తీగ ఎత్తుగా నిలబడి నొక్కడం ఇంకా కష్టం. చూపుడు వేలిని పడుకోబెట్టి ఆరు తీగలనూ ఒకేసారి నొక్కాల్సిన ఎఫ్ మేజర్ కార్డ్ దగ్గర ఎందరో ఆగిపోయేది ఇందుకే. మా మాస్టారు మొదటి రోజు నా చేతిని చూడలేదు, నా గిటార్‌ను చూశారు. నట్ గాళ్లను సన్నని ఆకురాయితో కాస్త లోతు చేశారు. ఎఫ్ ఆకారాన్ని ముందు అయిదో ఫ్రెట్ దగ్గర పట్టించి, తర్వాత ఒక్కో మెట్టూ వెనక్కి జరిపించారు. తక్కువ ధర గిటార్ కొని, వీడియోలు చూస్తూ, చేతగాక మానేసిన వాళ్లలో ఎంతమంది నిజానికి నట్ చేతిలో ఓడిపోయారో!

1995లో రెండు వార్తలు

ఇక మెదడు. 1995లో జర్మనీ, అమెరికా శాస్త్రవేత్తల బృందమొకటి 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. తొమ్మిది మంది తీగవాద్యకారులను తీసుకున్నారు. ఆరుగురు వయొలిన్, ఇద్దరు చెల్లో, ఒకరు గిటార్. ఎడమ చేతి వేళ్లను సున్నితంగా తాకుతూ, మెదడు నుంచి వెలువడే అతి సూక్ష్మమైన అయస్కాంత క్షేత్రాలను కొలిచారు. వాద్యం రాని వారితో పోలిస్తే వీరి మెదడులో ఎడమ చేతి వేళ్ల స్పర్శకు ప్రతిస్పందన బలంగా ఉంది. చిటికెన వేలి విషయంలో తేడా మరీ స్పష్టం. తీగల మీద పెద్దగా పని లేని బొటనవేలి విషయంలో తేడా అంతగా లేదు. కుడి చేతి విషయంలో వాద్యం వచ్చినవారికీ రానివారికీ తేడా కనిపించలేదు. వాడిన వేలికే మెదడు చోటిచ్చిందన్నమాట.

అయితే ఈ మార్పు చిన్నతనంలో మొదలుపెట్టిన వారిలో ఎక్కువ. ఆ సంగతి ప్రచారమైనంతగా మరే సంగతీ ప్రచారం కాలేదు. "సంగీతం చిన్నప్పుడే నేర్చుకోవాలి" అనే మాటకు అది శాస్త్రీయమైన ముద్ర వేసింది.

అదే ఏడాది 'నేచర్' పత్రికలో వచ్చిన రెండో అధ్యయనం సంగీతానికి సంబంధించినది కాదు కాబట్టి, వాద్యం నేర్చుకునేవారి చెవిన అంతగా పడలేదు. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో అవీ కార్నీ, ఆయన సహచరులు పెద్దవాళ్లకు ఒక చిన్న పని ఇచ్చారు. బొటనవేలితో మిగతా వేళ్లను ఒక నిర్ణీత వరుసలో తాకాలి. వేగంగా, తప్పు లేకుండా. రోజుకు 10 నుంచి 20 నిమిషాలు మాత్రమే. కొన్ని వారాల్లో వారి వేగం సుమారు రెట్టింపయింది. నాలుగో వారానికల్లా, సాధన చేసిన వరుసను నడుపుతున్నప్పుడు కదలికలను శాసించే మోటార్ కార్టెక్స్‌లో మేల్కొనే ప్రాంతం, సాధన చేయని వరుసకు మేల్కొనే ప్రాంతం కన్నా పెద్దదైంది. ఆ మార్పు కొన్ని నెలలపాటు నిలిచింది.

ఇందులో నన్ను ఆపేసింది ఒక చిన్న అంశం. నేర్చుకున్న నైపుణ్యం రెండో చేతికి రాలేదు. అవే కదలికలను వేరే వరుసలో చేయమంటే దానికీ రాలేదు. అంటే మెదడు "వేళ్లు చురుగ్గా కదపడం" అనే సాధారణ విద్య నేర్చుకోలేదు, ఆ ఒక్క వరుసనే నేర్చుకుంది. టైపింగ్‌లో నా వేళ్లు పరుగెత్తుతాయి కదా, గిటార్ మీద ఎందుకు తడబడతాయి అన్న నా ఉక్రోషానికి జవాబు అక్కడ దొరికింది. సి నుంచి జి కార్డ్‌కు మారాలంటే సి నుంచి జికి మారడమే సాధన చేయాలి. మరో దారి లేదు.

పిల్లలకూ పెద్దలకూ తేడా లేదని దీని అర్థం కాదు. తేడా ఎక్కడుందో తెలియడానికి గుడ్లగూబల కథ ఉపయోగపడుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ నూడ్సెన్ బార్న్ ఔల్ అనే జాతి గుడ్లగూబలకు, ఎదుటి దృశ్యాన్ని పక్కకు జరిపి చూపించే పట్టకాల కళ్లద్దాలు పెట్టారు. చెవికి వినిపించే దిక్కూ కంటికి కనిపించే దిక్కూ కలవకుండా పోయాయి. పిల్ల గుడ్లగూబలు కొన్ని వారాల్లో సర్దుకున్నాయి. పెద్దవి దాదాపుగా సర్దుకోలేకపోయాయి. కథ అక్కడితో అయిపోతే వయసుదే తప్పు అనుకోవచ్చు. కానీ 2002లో బ్రై లింకెన్‌హోకర్‌తో కలిసి ఆయన మరో ప్రయోగం ప్రచురించారు. ఈసారి జరుపును ఒకేసారి కాకుండా చిన్న చిన్న మెట్లుగా పెంచుతూ పోయారు. పెద్ద గుడ్లగూబలు అంతకు ముందుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సర్దుబాటు చూపించాయి.

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞానం బోధించిన గ్యారీ మార్కస్‌కు ధైర్యం ఇచ్చిన వాటిలో ఈ గుడ్లగూబలు కూడా ఉన్నాయి. లయజ్ఞానం లేదని తన గురించి తానే నవ్వుకునే ఆయన, నలభయ్యో ఏడు దగ్గరపడుతుండగా గిటార్ పట్టారు. పిల్లల కోసం పెట్టిన వేసవి శిబిరంలో వాళ్లతో కలిసి కూర్చుని వాయించారు. ఆ అనుభవాన్నీ అందులోని శాస్త్రాన్నీ 'గిటార్ జీరో' పేరుతో 2012లో పుస్తకంగా వెలువరించారు. ఆయన మహా వాద్యకారుడేమీ కాలేదు, అలా చెప్పుకోనూ లేదు. అయితే ఆయనకు దొరికినట్టు సెలవు దొరికే ఉద్యోగం మనలో ఎందరికి ఉంటుందన్నది వేరే మాట.

తపాలా ఉద్యోగుల పావుగంట

తీరిక లేని వాళ్లకు మార్కస్ కన్నా బ్రిటన్ తపాలా ఉద్యోగులు దగ్గరి బంధువులు. ఉత్తరాలను యంత్రాలతో వేరు చేయడం కోసం ఉద్యోగులకు టైపింగ్ నేర్పాల్సి వచ్చినప్పుడు, అలన్ బాడెలీ, లాంగ్‌మన్ అనే మనోవిజ్ఞానులు వారిని నాలుగు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు రోజుకు ఒకే గంట. మరో జట్టుకు రెండేసి గంటల చొప్పున రెండు సార్లు, అంటే రోజుకు నాలుగు గంటలు. మిగతా రెండు జట్లూ మధ్యలో. 1978లో ప్రచురించిన ఫలితం ఇది: రోజుకు గంట చొప్పున నేర్చుకున్నవారికి కీబోర్డు పట్టుబడటానికి మొత్తం సుమారు 35 గంటలు పట్టింది. నాలుగు గంటల వారికి సుమారు 50 గంటలు. ఒక్కో గంటకు దక్కిన ఫలితం చూస్తే కొంచెం కొంచెంగా నేర్చుకున్నవారే గెలిచారు.

కానీ శిక్షణ పద్ధతి ఎలా ఉందని అడిగితే, అందరికన్నా అసంతృప్తి చెందినవారు కూడా ఆ ఒక గంట జట్టువారే! గంటల్లో తక్కువే అయినా రోజుల లెక్కన వారికి ఎక్కువ కాలం పట్టింది. పక్క జట్టు తమకన్నా ముందు పోతున్నట్టు వారికి అనిపించింది. నా ఆదివారపు రెండు గంటల రహస్యం ఇదే అనుకుంటాను. రెండు గంటలు ఏకబిగిన వాయిస్తే చివరి పావుగంటలో చేయి కాస్త దారికి వస్తుంది, ఏదో సాధించినట్టు ఉంటుంది. ఆ తృప్తి నేర్చుకున్నదానికి కొలమానం కాదు. వచ్చే శనివారం మాస్టారు ముందు ఎంత మిగిలిందన్నదే అసలు లెక్క.

వాయించని సమయంలో కూడా మెదడు పని ఆపదు. 2002లో మాథ్యూ వాకర్ బృందం, వేళ్లతో మీటలు నొక్కే ఒక వరుసను నేర్చుకున్నవారిని నిద్రకు ముందూ తర్వాతా పరీక్షించింది. మధ్యలో సాధనేమీ లేకుండానే, రాత్రి నిద్ర తర్వాత వేగం దాదాపు 20 శాతం పెరిగింది. అంతే సేపు మెలకువగా ఉన్నవారిలో అలాంటి పెరుగుదల లేదు. ఆ లెక్క కట్టిన తీరు మీద తర్వాత కొందరు అభ్యంతరాలు చెప్పారు, నిద్ర వల్ల అంత లాభం లేదన్నారు. వాదన ఇంకా నడుస్తోంది. 2019లో మరో బృందం పది సెకన్ల సాధన, పది సెకన్ల విరామం చొప్పున పెట్టి చూస్తే, తొలిదశ పురోగతి చాలావరకు ఆ విరామాల్లోనే కనిపించింది. అందుకే ఇప్పుడు కార్డ్ నాలుగు సార్లు మార్చి, చేయి కిందికి వదిలేసి, ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెడుతున్నాను. లాభం ఎంతన్నది శాస్త్రవేత్తలు తేల్చుకుంటారు, ఈలోగా మణికట్టుకైతే సుఖంగానే ఉంది.

మణికట్టు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. రోజంతా కీబోర్డు మీద పనిచేసిన చేయే సాయంత్రం గిటార్ పట్టేది. మణికట్టును బాగా వంచి పట్టుకుంటే, దానిలోంచి వెళ్లే నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. వేలి కొన మంట మామూలే. తిమ్మిరి, జలదరింపు మామూలు కావు, వాటిని ఓర్చుకోవడం సాధన కాదు. మధుమేహంతో వేళ్లలో స్పర్శ తగ్గినవారు ముందే వైద్యుణ్ణి అడగడం మంచిది.

గురువు ఏం చేస్తారు?

వారానికి అరగంట చొప్పున, ఏడాదిలో యాభై వారాలు క్లాసుకు వెళ్లినా మొత్తం 25 గంటలే. ఇంట్లో రోజుకు పావుగంట, వారానికి ఆరు రోజులు వాయిస్తే 75 గంటలు. నేర్చుకోవడం ఎక్కువగా జరిగేది గురువు లేనప్పుడే. మరి ఆ పాతిక గంటలకు డబ్బు ఎందుకు కట్టాలి?

రాబర్ట్ డ్యూక్ బృందం 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో దీనికి జవాబు కొంత దొరుకుతుంది. 17 మంది పియానో విద్యార్థులకు, వీరంతా బాగా వచ్చినవారే, షోస్తకోవిచ్ రచనలోని ఒక చిన్న భాగం ఇచ్చి, ఎంతసేపైనా సాధన చేసుకోమన్నారు. మర్నాడు వచ్చి వాయించమన్నారు. మర్నాటి వాదన నాణ్యతకూ, ముందురోజు ఎంతసేపు సాధన చేశారు, ఎన్నిసార్లు వాయించారు అన్నదానికీ సంబంధం కనిపించలేదు. బాగా వాయించినవారు మొదట్లో తప్పులు చేయకపోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో సరిగ్గా అక్కడే ఆగి, నెమ్మది చేసి, అది సరిపడేదాకా దాన్నే పట్టుకున్నారు. మిగతావారు తప్పును దాటేసి ముందుకు పోయి, మళ్లీ మొదటి నుంచి వాయించారు.

కొత్తవారికి ఈ తెలివి ఉండదు. తప్పు వినపడుతుంది గానీ ఎక్కడ పుట్టిందో తెలియదు. రెండు చేతులు రెండు వేర్వేరు పనులు చేస్తుంటే, కళ్లు కాగితం మీద ఉంటే, మనసులో ఇక దేనికీ చోటు మిగలదు. నా సి కార్డ్‌లో మొదటి తీగ మోగకపోవడానికి మూడు నెలలు నేను చూపుడు వేలి బలాన్ని నిందించుకున్నాను. మాస్టారు నా చేతి కింది నుంచి వంగి చూసి, "వేలు సరిపోతోంది మేడమ్. బొటనవేలు పైకి పాకింది" అన్నారు. బొటనవేలు మెడ మీదికి పాకితే అరచెయ్యి చెక్కకు అంటుకుంటుంది, చూపుడు వేలు నిటారుగా నిలబడక వాలిపోతుంది, రెండో తీగను నొక్కాల్సిన వేలు పక్కనున్న మొదటి తీగను కూడా తాకి నోరు నొక్కేస్తుంది. లక్షణం ఒక చోట, కారణం మరో చోట. ఏ వీడియో కూడా నా చేతి కింది నుంచి వంగి చూడదు.

అలాగని గురువు అడుగడుగునా దిద్దుతూ ఉంటే మంచిదా అంటే, అదీ కాదు. కదలికలు నేర్చుకోవడం మీద జరిగిన ప్రయోగాల్లో, ప్రతి ప్రయత్నానికీ వెంటనే తప్పొప్పులు చెప్పినవారు అప్పటికప్పుడు బాగా చేసి, ఆ సాయం తీసేయగానే వెనకబడటం పలుమార్లు కనిపించింది. 1984లో సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ ఇలాంటి ఫలితాలన్నీ సమీక్షించి, దిద్దుబాటు ఊతకర్రలా మారే ప్రమాదం ఉందని వాదించారు. మా మాస్టారు ఒక్కోసారి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటే ఫీజు గుర్తొచ్చి చిరాకు పడేదాన్ని. ఇప్పుడు ఆ మౌనంలో ఎంత పద్ధతి ఉందో, ఎంత నిద్రమత్తు ఉందో అడగలేదు.

మాస్టారు చెప్పిన ఇంకో సంగతి, "బ్రిడ్జికి మరీ దగ్గరగా మీటకండి, గరుగ్గా వస్తుంది." తీగ మోగినప్పుడు మూల స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు పౌనఃపున్యం గల అనుస్వరాలు కూడా పుడతాయి. ఏ అనుస్వరానికి ఎక్కడ కదలిక ఉండదో సరిగ్గా అక్కడ మీటితే ఆ అనుస్వరం పలకకూడదని పాత సూత్రం. అంచుకు దగ్గరగా మీటితే పై అనుస్వరాలు బలపడి ధ్వని పదునెక్కుతుంది. మన వీణ, తంబురాల వంపు బ్రిడ్జిల మీద ఆ సూత్రం నిలవడం లేదని, పలకకూడని అనుస్వరాలు కూడా నిండుగా పలుకుతున్నాయని 1921లో సి.వి. రామన్ రాశారు. గిటార్ బ్రిడ్జికి ఆ వంపు లేదు, కాబట్టి పాత సూత్రమే నడుస్తుంది, మాస్టారి మాటా నడుస్తుంది.

పావుగంట లెక్క మొదలుపెట్టాక నెలరోజులకు సి మేజర్ అయిదు తీగలూ మోగింది. సి నుంచి జికి నిమిషంలో ఆరుసార్లు మారేదాన్ని, ఇరవై రెండుకు వచ్చాను. ఇది ఒక్క మనిషి లెక్క, పరిశోధన కాదు, పైగా ఆ నెలలోనే బొటనవేలు కూడా కిందికి దిగింది. ఏది ఎంత పని చేసిందో చెప్పలేను. మార్చి నెలాఖరులో ఆఫీసు లెక్కల వల్ల మూడు వారాలు గిటార్ ముట్టుకోలేదు. తిరిగి పట్టిన రోజు నిమిషానికి తొమ్మిది. నాలుగో రోజుకల్లా మళ్లీ ఇరవై. మొదటిసారి ఇరవై చేరడానికి నెల పట్టింది. మర్చిపోయామనుకున్నది రెండోసారి త్వరగా వస్తుందని ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే రాశారు.

ఎఫ్ మేజర్ మాత్రం ఇంకా మూడో ఫ్రెట్ దగ్గరే ఉంది. అక్కడ కూడా మూడో తీగ బుర్రుమంటోంది. చూపుడు వేలి గీత సరిగ్గా ఆ తీగ మీదే పడుతోందట. వేలిని ఒక వెంట్రుకవాసి పైకి జరిపి చూడమన్నారు మాస్టారు.